ఎర్ర జెండా ఎగిరిన ఉదయం: ట్రయథ్లాన్ నిర్వాహకులకు బహిరంగ లేఖ

మన తీరంలో ట్రయథ్లాన్ పోటీలు నిర్వహిస్తున్నవారికి, వాటికి అనుమతులిచ్చే క్రీడా సంఘాల పెద్దలకు, సాంకేతిక అధికారులకు,

నమస్కారం.

నాకు నలభై ఆరేళ్లు. ఉండేది విశాఖపట్నంలో. పదకొండేళ్లుగా ఈ ఆట ఆడుతున్నాను. ఆడలేని ఏళ్లలో వాలంటీరుగా నిలబడి నీళ్ల సీసాలు అందించాను. సముద్రంలో ఈది, సైకిలు తొక్కి, పరిగెత్తే ఈ ఆట మన ఊళ్లలో నిలబడాలని, మన పిల్లలు ఆడాలని మనసారా కోరుకుంటున్నాను. అందుకే ఇన్నాళ్లూ లోపల పెట్టుకున్న మాటను ఇప్పుడు అందరి ముందూ చెబుతున్నాను.

కొన్నేళ్ల కిందట తూర్పు తీరంలో ఒక పోటీ జరిగింది. ఎవరు నిర్వహించారో చెప్పను, ఎందుకంటే నా ఫిర్యాదు ఆ ఒక్కరి మీద కాదు. బంగాళాఖాతంలో అల్పపీడనం. ముందు రోజు సాయంత్రం నుంచీ టీవీలో మనకు చిన్నప్పటి నుంచి కంఠతా వచ్చిన ఆ వాక్యమే వస్తోంది: గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. తెల్లవారుజామున ఐదింటికి మేం ఒడ్డుకు చేరేసరికి వాన లేదు. తూర్పున మబ్బు పలచబడి కాస్త వెలుగు కూడా వచ్చింది. లైఫ్‌గార్డుల ఎర్ర జెండా మాత్రం కర్రను వంచేసేలా కొట్టుకుంటోంది.

రక్షణ కోసం మాట్లాడుకున్న ఫైబర్ బోట్లు నాలుగు. వచ్చింది ఒకటి. అది కూడా ఇసుక మీదే ఉంది. దాని యజమాని, అరవై దాటిన పెద్దాయన, లుంగీ ఎగ్గట్టుకుని కెరటాలనే చూస్తూ నిలబడ్డాడు. నేను దగ్గరికెళ్లి అడిగాను. ఆయన నా వైపు తిరగకుండానే అన్నాడు: "ఈయేళ గంగమ్మ మాట ఇనదు నాయినా. మా బోట్లే దిగనేదు. మీరు ఒట్టి సేతుల్తో ఎలా దిగుతారు?"

పది నిమిషాల తర్వాత మైకులో ప్రకటన వచ్చింది. ఈత జరుగుతుంది. పరిస్థితి కొంచెం కష్టంగా ఉంది. ఇష్టం లేనివారు దిగనక్కర్లేదు, ఎవరి నిర్ణయం వారిదే.

నేను ఈ లేఖ రాస్తున్నది ఆ చివరి మాట గురించే.

ఎవరి నిర్ణయం వారిదే అనడం వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ ఆ ఒడ్డున నిలబడ్డ మనిషిని ఒకసారి చూడండి. ఆరు నెలల నుంచి తెల్లవారుజామున నాలుగింటికి లేచాడు. సెలవు పెట్టాడు, సైకిలు విప్పి పెట్టెలో సర్దుకుని రైల్లోనో విమానంలోనో తెచ్చుకున్నాడు. రుసుము కట్టాడు, అది తిరిగి రాదు. బారికేడ్ల వెనక ఇంట్లోవాళ్లు ఫోన్లు పట్టుకుని నిలబడ్డారు. అతనికి వచ్చిన ఈత హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంటు కొలనులోనో, స్టేడియం కొలనులోనో నేర్చుకున్నది, అడుగున నల్ల గీత చూసుకుంటూ ఈదడానికి అలవాటుపడ్డది. కెరటం ఎక్కడ విరుగుతుందో, నీరు ఎటు లాగుతోందో అతనికెలా తెలుస్తుంది? చుట్టూ రెండు వందల మంది టోపీలు బిగించుకుంటుంటే "నేను దిగను" అని చెప్పి ఒక్కడూ వెనక్కి నడవడం మాటలు కాదు. నిజమైన సమాచారం అతని చేతిలో పెట్టకుండా నిర్ణయాన్ని మాత్రం పెట్టారు.

నేనూ దిగాను. సముద్రం పక్కనే పుట్టి పెరిగినవాణ్ని, పెద్దాయన మాట విన్నవాణ్ని, అయినా దిగాను. నా వెనక ఉన్న కొత్తవాళ్లు నన్ను చూసి ధైర్యం తెచ్చుకుని ఉంటారన్న సంగతి ఇప్పటికీ నన్ను వదలదు.

మొదటి మూడు వరసల కెరటాలు దాటడానికే చాలామందికి ఊపిరి అయిపోయింది. ఇక్కడ ఒక మాట చెప్పాలి. చలిదేశాల పోటీల్లో వెట్‌సూట్ వేసుకుంటారు. అది చలి ఆపడమే కాదు, మనిషిని తేలుస్తుంది కూడా. మన నీళ్లు వెచ్చన కాబట్టి నియమాల ప్రకారం అది కుదరదు. అంటే మన పోటీదారుకి అలసిపోతే ఆసరా తన చేతులూ కాళ్లే. గట్టుకు అడ్డంగా లాగే ప్రవాహం, ఈత దారి చూపడానికి నీటి మీద తేలించే బోయాల లంగర్లను కూడా కదిలించింది, నారింజ బోయా కోసం తలెత్తితే ఉప్పునీరు ముఖాన కొట్టింది. కాపలాగా కయాక్‌లో, అంటే చిన్న తెడ్డు పడవలో ఉన్న కుర్రాళ్లు తమ కయాక్ బోల్తా పడకుండా చూసుకోవడానికే సరిపోయారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకావిడ, ముప్పై ఏళ్లు ఉంటాయేమో, నా పక్కనే వెల్లకిలా తిరిగి "అన్నా, నా వల్ల కావట్లేదు" అంది. ఇద్దరం ఒక కయాక్ పట్టుకుని పది నిమిషాలు వేలాడాం. ఆవిడ చేతి వేళ్లు తాడు మీద బిగుసుకుపోయి ఉన్నాయి, విడదీయాల్సి వచ్చింది.

అంతకన్నా ఘోరం ఒడ్డున జరిగింది. ఈత ముగిశాక లెక్క తేలలేదు. ఎంతమంది దిగారో తెలుసు, ఎంతమంది బయటికి వచ్చారో ఎవరికీ తెలియదు. పోటీదారు కాలికి కట్టిన చిప్‌ను గుర్తించి లెక్కపెట్టే టైమింగ్ చాపను కెరటం ఎత్తి పక్కన పడేసింది. చాలామంది మధ్యలోనే తిరిగొచ్చారు, కొందరిని ప్రవాహం అర కిలోమీటరు అవతల ఒడ్డున దించింది. చివరికి ఒక పేరు మిగిలింది. అతని సైకిలు స్టాండు మీద అలాగే ఉంది. బూట్లు, వాటిలో కుక్కిన మేజోళ్లు అలాగే ఉన్నాయి. అతని భార్య మూడేళ్ల పాపను చంకనేసుకుని బారికేడ్ దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి వాలంటీరునీ "మా ఆయన నంబరు చూశారా బాబూ" అని అడుగుతోంది. నలభై నిమిషాలు. ఆ బోటు పెద్దాయన దిగనన్న సముద్రంలోకే బోటు తోసుకుని వెళ్లాడు, ఆమె మొహం చూడలేక.

అతను దొరికాడు. నీళ్లు మింగి, దూరంగా ఒడ్డుకు కొట్టుకొచ్చి, తల తిరుగుతుంటే ఒక ఆటో ఎక్కి బస చేసిన గదికి వెళ్లి పడుకున్నాడు. ఫోను లేదు, ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఆ సాయంత్రం బహుమతులిచ్చారు. సముద్రాన్ని జయించిన వీరులమని వేదిక మీద పొగిడారు. ఎవరూ చనిపోలేదు కాబట్టి పోటీ విజయవంతమైనట్టు లెక్క రాసుకున్నారు. ఏం జరిగిందో విచారించుకున్నవారు లేరు.

ఐర్లండ్‌లో అలాంటి ఉదయమే వేరేలా ముగిసింది. కార్క్ కౌంటీలోని యాల్ అనే తీరపట్టణంలో 2023 ఆగస్టులో పోటీ పెట్టారు. బెట్టీ తుపాను రావడంతో శనివారం పోటీని ఆదివారానికి జరిపారు. ఆదివారం, ఆగస్టు 20న ఈత దూరం తగ్గించి జరిపారు. ఇద్దరు మగవాళ్లు ఆ ఈతలో చనిపోయారు. పరిస్థితి బాగోలేనందువల్ల తాము ఆ పోటీకి ఆమోదం ఇవ్వలేకపోయామని ఐర్లండ్ ట్రయథ్లాన్ సమాఖ్య తర్వాత ప్రకటించింది. ఆ మాట తమకు ఎప్పుడు అందిందన్న దానిపై నిర్వాహకులు వేరే విధంగా చెప్పారు. ఎవరిది ఒప్పో తేల్చడం నా పని కాదు. నన్ను కదిలించింది ఇది: రెండు ప్రాణాలు పోయాక, ఆపమని ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎవరికి చెప్పారు అన్నదే వివాదమైంది. ఆ మూడు ప్రశ్నలకూ జవాబు పోటీకి నెల ముందే కాగితం మీద ఉండాల్సింది.

అదే ఆదివారం, అదే ఆగస్టు 20న, పారిస్‌లో ఒలింపిక్స్‌కు ముందు జరిగే పరీక్షా పోటీలు జరుగుతున్నాయి. ప్రపంచంలోని అత్యుత్తమ క్రీడాకారుల మిశ్రమ రిలే. సెన్ నది నీటి నాణ్యత ఫలితాలు బాగా రాలేదు. అధికారులు ఈతను తీసేసి, పరుగు-సైకిలు-పరుగుగా మార్చేశారు. మరుసటి ఏడాది ఒలింపిక్స్‌లోనే, వానలకు నది కలుషితమైందని జులై 30న జరగాల్సిన పురుషుల పోటీని 31కి వాయిదా వేశారు. టోక్యోలో 2019 ఆగస్టులో ఎండ తీవ్రత చూసి మహిళల పరుగును 10 కిలోమీటర్ల నుంచి 5కి కుదించారు. లోకమంతా చూస్తున్న వేదిక మీద, కోట్ల పెట్టుబడి ఉన్నచోట, నాలుగేళ్లు కష్టపడి వచ్చినవారి ముందు వాళ్లు ఆపగలిగారు, మార్చగలిగారు. మన దగ్గర శని, ఆదివారాల పోటీని ఈత లేని డుయథ్లాన్‌గా మార్చడానికి ఎందుకు అంత మొహమాటం?

ఈ ఆటలో ప్రాణం పోయే చోటు ఏదో మీకు నాకన్నా బాగా తెలుసు. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు జరిగిన పోటీలను పరిశీలించి వైద్యులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. మరణాలు, ఆగిన గుండెను తిరిగి కొట్టించిన ఘటనలు కలిపి 135. వాటిలో 90 ఈతలోనే. సగటు వయసు 47కు దగ్గర, ఎక్కువమంది మగవాళ్లు. అంటే నాలాంటివాళ్లు. శవపరీక్ష వివరాలు దొరికినవారిలో సగానికి కాస్త తక్కువమందికి గుండెలో అంతకుముందే లోపం ఉంది. ప్రశాంతమైన నీటిలోనే ఈత మొదటి నిమిషాలు గుండెకు పెద్ద పరీక్ష. గుంపులో తోపులాట, కంగారు, అందని ఊపిరి. దానికి తోడు కెరటాలు వచ్చాయంటే, ఇబ్బందిలో పడ్డ మనిషిని కాపలా ఉన్నవాడి కన్ను పట్టుకోలేదు. నురగ మధ్య తెల్ల టోపీ కనిపించదు. మునిగేవాడు అరవడు, ఊపిరే లేనివాడు ఎలా అరుస్తాడు?

"ఆకాశం బాగానే ఉంది కదా" అన్నది నేను మన ఒడ్డున విన్న అన్ని మాటల్లోకీ ప్రమాదకరమైనది. ఆకాశానికీ సముద్రానికీ ఒకే రోజు ఒకే తీరు ఉండాలని లేదు. ఎక్కడో వేల కిలోమీటర్ల దూరంలో రేగిన గాలి పుట్టించిన ఉబ్బు కెరటాలు, ఇక్కడ ఆకు కదలని రోజున కూడా వచ్చి ఒడ్డును కొడతాయి. ఇవి ముందే తెలుసుకోవడానికి పరదేశం వెళ్లనక్కర్లేదు. మన హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ ఉంది, భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం. కెరటాల ఎత్తు, ఉబ్బు, ప్రవాహాల అంచనాలు రోజూ ఇస్తుంది, ఎత్తైన కెరటాల హెచ్చరికలు జారీ చేస్తుంది. విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది. కాకపోతే ఆ అంకెను చదవడం తెలియాలి. అంచనాలో కెరటాల ఎత్తు ఒక మీటరు అని ఉంటే అది వచ్చే కెరటాల్లో పెద్దవైన మూడోవంతుకు సగటు మాత్రమే. మధ్యలో ఒక్కో కెరటం దానికి దాదాపు రెట్టింపు కూడా రావచ్చు. ఈతగాణ్ని ముంచేది ఆ ఒక్కటే.

అంకెలతో పాటు మనుషులూ ఉన్నారు. చైనాలోని గాన్సు రాష్ట్రంలో 2021 మే 22న వంద కిలోమీటర్ల కొండ పరుగులో వడగళ్లు, గడ్డకట్టే వాన, పెనుగాలి విరుచుకుపడ్డాయి. 172 మంది మొదలుపెడితే 21 మంది తిరిగిరాలేదు. వాతావరణ హెచ్చరికలు వచ్చినా నిర్వాహకులు తగిన ఏర్పాట్లు చేయలేదని ప్రభుత్వ విచారణలో తేలింది. ఆ కొండల్లో ఆరుగురిని గుహలోకి చేర్చి, మంట వేసి బతికించింది ఒక గొర్రెల కాపరి. మన ఒడ్డున అలాంటి మనిషి జాలరిపేటలో ఉన్నాడు. ఆయన్ను మీరు బోటు అద్దె కోసం మాత్రమే పిలుస్తున్నారు. నిర్ణయం తీసుకునే గదిలోకి పిలవండి. పోటీకి వారం ముందు నుంచీ రోజూ ఆయన మాట రాసుకోండి. వేటకు బోట్లు దిగని రోజున మనుషుల్ని దింపకూడదన్నది మీ నియమావళిలో మొదటి వాక్యం కావాలని నా కోరిక. దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

మిగతావి కూడా చెబుతాను. గాలి ఎంత దాటితే, కెరటం ఎంత దాటితే, ప్రవాహం ఎంత దాటితే ఈత తగ్గిస్తారు, ఎంత దాటితే తీసేస్తారు అన్నది పోటీ నమోదు మొదలైన రోజునే ప్రకటించండి. నీటి చలికీ ఎండకీ ఈ ఆట నియమాల్లో అంకెలున్నాయి. కెరటాల దగ్గరికొచ్చేసరికి అంతా అక్కడున్నవారి అంచనాకే వదిలేస్తున్నాం. మన తీరానికి సరిపడే అంకెలు మనమే రాసుకోవాలి. ఆ గీత దాటిందని చెప్పే హక్కు ఒకే ఒక్క మనిషికి ఇవ్వండి. ఆ మనిషికి ఆ పోటీ వల్ల ఒక్క రూపాయి లాభం గానీ నష్టం గానీ ఉండకూడదు. స్పాన్సర్లు, ముఖ్య అతిథి, టీవీ కెమెరాలు, ఎవరు ఎదురుచూస్తున్నా ఆ మాటే చివరి మాట. మైకు ఆయన చేతిలోనే ఉండాలి, ఆవిడైతే ఆవిడ చేతిలో.

రుసుము సంగతి తేల్చకపోతే పైన చెప్పినవన్నీ వట్టివే. వాతావరణం వల్ల దిగనన్న పోటీదారుకి వచ్చే ఏడాది చోటు ఇస్తామని రాయండి. డబ్బు పోతుందన్న బాధ లేనప్పుడు మనిషి సముద్రాన్ని సరిగ్గా చూస్తాడు. అలాగే కటాఫ్, అంటే ఈత ముగించాల్సిన గడువు. కెరటాలున్న రోజున కూడా మామూలు రోజు కటాఫే పెడితే, వెనకబడ్డవాడు వెనక్కి తిరగాల్సిన చోట ముందుకు వెళ్తాడు. టో ఫ్లోట్, నడుముకు కట్టుకునే ఆ గాలి బుడగ, సముద్రం అల్లకల్లోలంగా ఉన్న రోజున అందరికీ అనుమతించండి. బహుమతుల కోసం పోటీపడేవారు పాతిక మంది ఉంటారు. మిగతావారికి అది లేకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

లెక్క గురించి మళ్లీ చెప్పక తప్పదు. చిప్‌ని నమ్ముకోకండి. దిగేటప్పుడు చేత్తో లెక్క, ఎక్కేటప్పుడు చేత్తో లెక్క, ఇద్దరు మనుషులు, రెండు పుస్తకాలు. మధ్యలో మానుకున్నవాళ్లు ఎక్కడ చెప్పాలో ముందు రోజు బ్రీఫింగ్‌లో చూపించండి. ఒడ్డుకు అటూ ఇటూ కిలోమీటరు దాకా వాలంటీర్లు ఉండాలి, ఎందుకంటే ప్రవాహం మీరు గీసిన గీత మీద ఎవర్నీ దించదు.

సైకిలు, పరుగుల గురించి ఎక్కువ చెప్పను. తొలి వాన చినుకులకు రోడ్డు మీది నూనె పైకి తేలి ఎంత జారుతుందో, తెల్ల గీతల మీద చక్రం ఎలా తప్పుతుందో అందరికీ తెలుసు. బీచ్ రోడ్డు మీద పక్కగాలి తగిలితే ఏరో బార్ల మీద, అంటే హ్యాండిల్‌కు ముందుకు బిగించిన కడ్డీల మీద మోచేతులు ఆనించి వంగినవాడికి పట్టు ఉండదు. అలాంటి రోజున ఏరో బార్లు వాడొద్దని, దిగుడు మలుపుల్లో దాటొద్దని చెప్పే అధికారం మీకుంది. పిడుగుల విషయంలో మాత్రం వాదన వద్దు. ఉరుము వినపడిందంటే అందర్నీ గోడలున్న చోటికి చేర్చాలి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాలి. గాలితో నింపిన ఆ స్వాగత ద్వారాలు, ఇనుప గొట్టాల టెంట్లు ఈదురుగాలికి ఎగిరిపడటం నేను చూశాను. వాటి కింద నిలబడేది కాలేజీ పిల్లలైన మీ వాలంటీర్లు. వాళ్ల అమ్మానాన్నలు మీ మీద నమ్మకంతో పంపారు.

మీ కష్టం నాకు తెలియకపోలేదు. పోలీసు అనుమతి, రోడ్డు మూసివేత, అంబులెన్సులు, నెలల తరబడి తిరుగుడు. తెల్లవారుజామున ఆపేస్తే రెండు వందల మంది మీ మీద పడతారు. నిజమే, తిడతారు కూడా. ఈ ఆట కష్టాన్ని భరించడం నేర్పుతుందని, వాతావరణం కూడా ఆటలో భాగమేనని మా పోటీదారుల్లోనే చాలామంది అంటారు. వానలో పరిగెత్తడం, ఎదురుగాలికి తొక్కడం నాకూ ఇష్టమే, వాటి కోసమే ఈ ఆటలోకి వచ్చాను. కానీ ఎదురుగాలిలో అలసిపోయినవాడు సైకిలు దిగి రోడ్డు పక్కన కూర్చోగలడు. ఇసుకకు మూడు వందల మీటర్ల దూరంలో, ఆరు మీటర్ల నీటి మీద అలసిపోయినవాడికి కూర్చునే చోటు లేదు. మీరు ఆపిన రోజున మిమ్మల్ని తిట్టేవారికి జవాబు చెప్పడానికి నేను మీ పక్కన నిలబడతాను. నాతోపాటు నిలబడేవాళ్లు ఈ ఊళ్లోనే చాలామంది ఉన్నారు.

ఆ రోజు కయాక్ పట్టుకుని వేలాడినావిడ మళ్లీ సముద్రంలోకి దిగలేదని విన్నాను. ఆటే మానేశారట. ఈశాన్య రుతుపవనాల కాలం వస్తోంది, మీ పోటీల తేదీలు కూడా చాలావరకు అప్పుడే. నేను రోజూ పొద్దున్నే ఈదుతున్నాను. పోటీకి మాత్రం నా పేరు ఇంకా నమోదు చేసుకోలేదు. ఏ పరిస్థితిలో ఆపుతారో, ఎవరు ఆపుతారో రాసిన పేజీ మీ నియమావళిలో కనిపించిన రోజున చేసుకుంటాను.

ఇట్లు,
విశాఖ తీరంలో ఈదే ఒక పోటీదారు